పుల్లలు అక్కర్లేని పొద్దు

వనువాటులో ఒక చిన్న దీవి. పాప ఒంటిమీది పొక్కులు కడగడానికి లేవియా చీకటితోనే కుండెడు సముద్రపు నీళ్లు తెచ్చింది. మంట వేయబోతుంటే అత్త ఆపింది.

"పుల్లలెందుకే తగలేస్తావు? చెయ్యి పెట్టి చూడు."

"ఇదేంటత్తా, గోరువెచ్చగా ఉన్నాయి? ఇంకా పొద్దయినా పొడవలేదు."

"మంచిదేగా. సముద్రమే నీకు పొయ్యి వెలిగించి పెట్టింది."

అత్త పాపను కుండ పక్కనున్న తొట్టిలో కూర్చోబెట్టి నీళ్లు పోసింది. పాప కిలకిలా నవ్వింది.

"రాత్రి రేడియోలో తుఫాను అన్నారుగా అత్తా."

"చిన్నదన్నారు. ఇలాంటివెన్ని చూళ్లేదు నేను. సముద్రాన్ని కెలికేసరికి కింది చల్లనీళ్లు పైకొస్తాయి. దాంతో దాని ఉసురు సగం పోతుంది."

"నిన్న మామ గవ్వల కోసం అడుగుదాకా మునిగాడుగా. ఏమన్నాడు?"

అత్త పాప వీపు మీద ఇంకో దోసెడు నీళ్లు పోసింది.

"చెప్పత్తా."

"ఎప్పుడూ అక్కడి చలికి మోకాళ్లు లాగేస్తాయనేవాడు. నిన్న లాగలేదని తెగ సంబరపడ్డాడు."

"అంటే, అడుగున కూడా చల్లనీళ్లు లేవన్నమాట."

నీళ్లు పోస్తున్న అత్త చెయ్యి ఆగిపోయింది. ఎదురుగా సముద్రంలో ఒక్క అల కూడా లేదు.

"పందిని విప్పెయ్. నేను దుంపలు మూట కడతా. కొండమీది గుహకి పోదాం."

"రేడియో చెప్పేదాకా కదలనంటాడు మామ."

"ఆయన మోకాళ్లు నిన్ననే చెప్పాయని చెప్పు."

లేవియా పాపను తొట్టిలోంచి ఎత్తుకుంది. ఆ వెచ్చని నీళ్లను వదిలి రానని పాప గుక్కపట్టి ఏడ్చింది.