దరియావలి తెచ్చిన కార్డు

రెండువేల ఇరవై ఒకటి, డిసెంబరు పదహారు, గురువారం, సాయంత్రం ఆరుంబావు. మగ్రిబ్ నమాజు ముగించి జానమాజు మడత పెడతా ఉంటే వీధి గేటు చప్పుడైంది. మా మరిది దరియావలి చంకలో ఒక అట్టపెట్టె పెట్టుకొని, పెళ్లికొడుకు వచ్చినట్టు మెల్లగా నడుచుకుంటూ వచ్చినాడు.

ఆ పెట్టె కోసం మా ఇల్లంతా పది రోజులుగా ఎదురుచూస్తా ఉంది. మా అమ్మాయి షబీనా పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తుంది. పక్కింటి టైటస్ వీడియో తీసుకొస్తే, ఈమె కంప్యూటరులో కూర్చి, పాటలు పెట్టి, రంగులు సరిచేసి ఇస్తుంది. ఆ కంప్యూటరులో గ్రాఫిక్స్ కార్డని ఒకటి ఉంటుంది. అది కాలిపోయింది. అది లేకపోతే ఆ కంప్యూటరుకు తెర కూడా వెలగదు. కొత్తది కొందామంటే ఆ ఏడాది ఎక్కడా దొరకలేదు. కరోనా తర్వాత లోకమంతా చిప్పులకు కరువు వచ్చిందన్నారు. వచ్చిన కాసిని కార్డుల్నీ ఎవరో ముందే ఎగరేసుకుపోతున్నారన్నారు.

పక్కనున్న కోట ఊళ్లో సాహిరా అనే అమ్మాయి నిఖా వీడియో మొత్తం మొదటిసారి షబీనా ఒక్కతే ఒప్పుకుంది. పెళ్లికూతురు ఆదివారం కువైట్ విమానం ఎక్కుతుంది. ఈలోపల వీడియో చేతిలో పెట్టాలి. "రేపు పొద్దున దాకా చూస్తాను పాపా. అప్పటికీ కార్డు రాకపోతే డిస్కు తీసుకొని నెల్లూరు స్టూడియోలో ఇచ్చేయాల్సిందే," అని టైటస్ కష్టంగానే చెప్పినాడు. ఈ ఒక్క వీడియో అక్కడికి పోతే తర్వాతి పెళ్లిళ్లు కూడా అక్కడికే పోతాయని మాకందరికీ తెలుసు.

అందుకే పెట్టె చూడగానే షబీనా స్క్రూడ్రైవరు తీసుకొని అరుగు మీదికి పరుగెత్తుకొచ్చింది. మా అత్త సైదాబీ ఊదు వేసి, గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. టైటస్ గోడ దాటి వచ్చినాడు. దరియావలి పెట్టెను అరుగు చివర, గోడ పక్కన పెట్టి, దాని మీద చేయి వేసి కూర్చున్నాడు.

"తెరువు చిన్నాయనా," అనింది షబీనా.

"ఉండమ్మా. ఎట్లొచ్చిందో వినకుండా తెరిస్తే దీనికి మర్యాద కాదు. వదినా, టీ ఉందా?"

"ముందు నాకొకటి చెప్పు వలీ," అన్నాడు టైటస్. "నీ చేపల కొట్లో కంప్యూటరుకు ఉంది కదా ఒక కార్డు. అదన్నా..."

"అదా? అది కార్డా అన్నా? మధ్యాహ్నం కాళ్లు చాపుకొని కార్ల ఆట ఆడుకునేదానికి పెట్టుకున్న రేకు అది! దాన్ని తెచ్చి నా బిడ్డకు ఇస్తానా? ఇది చూడు, ముప్పై సిరీసు, కొత్త రకం." పెట్టె మీద ఒక దెబ్బ వేసినాడు. నేను టీ తెచ్చి ఇచ్చినాను. ఒక గుటక తాగి మొదలుపెట్టినాడు.

"నేను చేసింది పెద్ద పనేం కాదు వదినా. నెల్లూరు పోయినా, అడిగినా, తెచ్చినా. అంతే. కాకపోతే అడిగేదాంట్లో ఉంటది. అంగడి ముందు జనం, మన చేపల వేలం మాదిరి. ఇంజనీర్లు, డాక్టర్లు, అందరూ వట్టి చేతులతో నిలబడి ఉండారు. అంగడాయన నన్ను చూసినాడు. చూసి లేచి నిలబడినాడు. 'ఎవరి తాలూకా?' అన్నాడు. 'వాకాడు' అన్నా. 'వాకాడులో ఎవరు?' 'దరియావలి' అన్నా. ఆ తర్వాత ఏం చేసినాడో తెలుసా? షట్టర్ దించేసినాడు!"

"నిన్ను బయట పెట్టా, లోపల పెట్టా?" అన్నాడు టైటస్.

"లోపలే అన్నా! కుర్చీ వేసి కూర్చోబెట్టి, 'సార్, కార్డు జిల్లాలో లేదు, ఉంటే మీకు లేదంటానా' అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. సరే, ఏడవబాకు, పైవాళ్లకి ఫోన్ చెయ్యి అన్నా. చెన్నైకి చేసినాడు. చెన్నైవాళ్లు సింగపూరుకు చేసినారు. సింగపూరువాళ్లు తైవాన్‌లో కార్డులు చేసే ఫ్యాక్టరీకే కలిపినారు. ఆడ పెద్దాయన ఎత్తినాడు. 'ఎవరికి కావాలి?' 'వాకాడు దరియావలికి.' అవతల చప్పుడు లేదు. నేనేదో ఫోను కట్టయిందనుకున్నా. కాదు! ఆయన కుర్చీలోంచి లేస్తా ఉండాడు."

"నీతో ఏ భాషలో మాట్లాడినాడు చిన్నాయనా?"

"మర్యాదలో మాట్లాడినాడమ్మా. 'అయ్యా, మా దగ్గర చిప్పులు లేవు, చిప్పులు చేసే ఇసుక అయిపోయింది' అన్నాడు. చిప్పులు ఇసుకతోనే చేస్తారు, మీకు తెలుసో లేదో. ఇసుకా? ఇసుక లేక లోకం అల్లాడతా ఉందా? మా తూపిలిపాళెం సముద్రపొడ్డు ఉండగా? ఒక్క పిడికెడు, ఒకే ఒక్క పిడికెడు రుమాల్లో కట్టి పంపించినా. దాంతో రెండు ఖండాలకు సరిపడా చిప్పులు చేసినారు. ఇంకా మిగిలితే గోడకు పూత వేసుకున్నారు!"

అత్త కాళ్లు వెనక్కి లాక్కొని చీర కుచ్చెళ్లు దులుపుకుంది. "పొద్దున పోయి సాయంత్రానికి వచ్చినావు కదరా. ఇసుక ఎప్పుడు పోయింది, కార్డు ఎప్పుడొచ్చింది?" అని నెమ్మదిగా అడిగింది.

"అదే చెప్తా ఉండానమ్మా, పనితనం! ఓడ పంపించినారు, నా ఒక్కడికోసం. అయితే అది ఒడ్డుకు రాలేకపోతా ఉంది. ఎందుకో తెలుసా? నాణేలు తవ్వేవాళ్లు పడవలేసుకొని కాచుకొని ఉండారు. ఈ కార్డులతో వాళ్లు కంప్యూటర్లో బిట్‌కాయినని కనపడని నాణేలు తవ్వుతారు."

"ఎక్కడ తవ్వుతారురా?"

"గాల్లో అమ్మా."

"గాల్లో తవ్వితే ఆ మట్టి ఎక్కడ పోస్తారు?"

దరియావలి ఇంకో గుటక టీ తాగినాడు. టైటస్ దగ్గుతున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"అది వాళ్ల తిప్పలు. నేను ఫైబర్ బోటు వేసుకొని ఒక్కణ్ణే పోయినా. ఓడ మీంచి తాడు కట్టి కార్డు దించతా ఉండారు. గాలి కొట్టింది. తాడు తెగింది. కార్డు సముద్రంలో! నేను దూకేలోపల ఏమైందో తెలుసా? ఒక వంజరం చేప వచ్చి గుటుక్కున మింగేసింది."

"యా రబ్బీ," అన్నాను నేను, నవ్వు రాకుండా.

"ఆ వంజరాన్ని మీరు చూడాల్సింది వదినా! కడుపులో కార్డు పడిందో లేదో దాని కళ్లు రెండూ టీవీలయిపోయినాయి. కుడి కంట్లో క్రికెట్, ఎడమ కంట్లో వార్తలు. ఒళ్లంతా రంగుల లైట్లు. దాన్ని చూసి తక్కిన చేపలన్నీ తెల్లారిందనుకొని నిద్ర లేచినాయి. దీపస్తంభం మీదాయన కూడా పొద్దు పొడిచిందనుకొని దీపం ఆర్పేసి టిఫినుకు పోయినాడు! ఆ కార్డుకు ఫ్యాన్లుంటాయి కదా, అవి లోపల తిరిగేకొద్దీ చేప రైలు మాదిరి పోతా ఉంది. నేను తోక పట్టుకున్నా. వదల్లా. స్వర్ణముఖి ఏరు సముద్రంలో కలిసే మొగలో దూరింది. ఆ వేడికి ఏట్లో నీళ్లు తెర్లినాయి. పీతలు వాటంతట అవే ఉడికి ఎర్రగా గట్టు మీదికొచ్చి వరసగా పడుకున్నాయి."

"ఉప్పు వేసినావా?"

"సముద్రం పక్కనే ఉండాదే, ఉప్పుకేం తక్కువ అన్నా? ఊళ్లోవాళ్లు అన్నాలు పెట్టుకొని వచ్చి తినిపోయినారు. ఆఖరికి వంజరం అలిసిపోయి, నోరు తెరిచి, కార్డు నా చేతిలో పెట్టి, 'నీతో పెట్టుకోలేను దరియావలీ' అనింది. అప్పుడు తైవాన్‌లో వాళ్లు..."

"చిన్నాయనా." షబీనా స్క్రూడ్రైవరు ఒళ్లో అటూ ఇటూ తిప్పుతా ఉంది. "రాత్రికి పెట్టుకుంటే రేపంతా పని చేసుకోవచ్చు. తెరుస్తావా?"

"తెరుస్తా తల్లీ, ఒక్క మాట చెప్పి. దీని శక్తి తెలుసుకొని తెరవాలి. బస్సులో తెస్తా ఉంటే డ్రైవరు ఇంజను ఆపేసినాడు, బస్సు దీని బలానికే వాకాడు దాకా వచ్చింది. పెట్టెలో ఉండగానే ఇంత వేడి అంటే చూసుకోండి. ఇంత దూరం తెచ్చినా కదా, దోమ రాలేదు, ఈగ వాలలేదు. దీని మీద ప్రాణమున్నది ఏదీ నిలవదు!"

అత్త ముందుకు వంగి గోడ మొదట్లో చూసింది. ఊదు పొగ చేత్తో పక్కకు తోసింది.

"ఈగ వాలదు సరే నాయనా. చీమలెందుకు పట్టినాయి?"

టైటస్ సెల్‌ఫోన్ లైటు వేసినాడు. మెట్టు సందులోంచి ఎర్రచీమల బారు అరుగెక్కి, గోడ వెంబడి నడిచి, పెట్టె చిరిగిన మూలలోకి దూరతా ఉంది. దాంట్లోంచి ఇంకో బారు బయటికి వస్తా ఉంది. వచ్చేవన్నీ నోట్లో ఏదో పట్టుకొని వస్తున్నాయి.

షబీనా స్క్రూడ్రైవరు మొనతో సీలు కోసింది. లోపల అరవ పేపరు. పేపరు లోపల బుడగల కవరు. కవరు లోపల, కార్డంత పొడుగు, కార్డంత మందం, ఒక బెల్లం పలక.

దరియావలి దాన్ని చూసిన చూపు నేను మర్చిపోను. మమ్మల్ని మోసం చెయ్యడానికి తెచ్చినవాడి మొహం కాదది. పాపం, వాడికీ తెలియదు.

కోసిన సీలును వేలితో సర్ది, "సీలు మాత్రం ఒరిజినల్," అన్నాడు.

ఆ మాటకు ఇంకెప్పుడైనా అయితే మేం పడీ పడీ నవ్వేవాళ్లం. షబీనా నవ్వలేదు. స్క్రూడ్రైవరు అరుగు మీద పెట్టేసింది. "డిస్కు తెచ్చిస్తా అన్నా," అని టైటస్‌తో అని లేచింది.

"రేపు పొద్దున వచ్చి తీసుకుంటాలే పాపా. కూర్చో."

అత్త ఊదుదాని పక్కకు జరిపింది. "ఎవరిచ్చినార్రా ఇది? వంజరం ఇచ్చిందా?"

"గూడూరు బస్టాండులో ఒకాయనమ్మా. కార్లో వచ్చినాడు. కార్డుందన్నాడు. నా పక్కన హోటలుకు వెయ్యాల్సిన చేపల పెట్టె ఉంది. అది చూసి, ఏం చేపలన్నాడు. వంజరం అన్నా. మా ఇంట్లో చుట్టాలు దిగినారు, ఇది ఇస్తే అది ఇస్తా అన్నాడు."

"అంటే నెల్లూరు పోలేదా చిన్నాయనా?" అనింది షబీనా గుమ్మంలోంచి.

"గూడూరు దాటలేదమ్మా."

"ఆయన పెట్టె తెరిచి చూడొద్దా?" అన్నాడు టైటస్.

"తెరిస్తే నమ్మనట్టుంటది కదన్నా. ఆయన కూడా నా పెట్టె అడుగుదాకా చూడలేదు..." అని, అక్కడ ఠక్కున ఆగిపోయినాడు.

అత్త గొంతు ఏమాత్రం పెరగలేదు. "నీ పెట్టెలో ఏముందిరా?"

"వంజరం. చెప్పినా కదమ్మా."

"వంజరం కింద?"

"ఐసు."

"ఐసు కింద?"

దరియావలి టీ గ్లాసు అడుగు వైపు చూసినాడు. "కవళ్లు," అన్నాడు. "చిన్న చేపలు, చౌకవి. నిన్నటివి."

టైటస్ గోడకు తల ఆనించి, ఇక ఆపుకోలేక నవ్వినాడు. "ఈపాటికి ఆయన కూడా ఏదో అరుగు మీద కూర్చొని, వాళ్లింట్లోవాళ్లకి నీ వంజరం కథ చెప్తా ఉంటాడు వలీ."

"నవ్వబాకు టైటసూ," అనింది అత్త. తర్వాత కొడుకుతో, "వాడి పెట్టె సంగతి వాడిని అల్లా అడుగుతాడు. నీ పెట్టె సంగతి నిన్ను అడుగుతాడు. ఈ పిల్ల పని పోతే మాత్రం నేనడుగుతా," అనింది.

ఆ పూట దరియావలి అన్నానికి రాలేదు. చెప్పులేసుకొని కొట్టు వైపు పోయినాడు. ఎవరూ పిలవలేదు.

మర్నాడు జుమ్మా. తెల్లారి ఫజర్ నమాజు కాగానే దరియావలి వచ్చినాడు. చేతిలో తువ్వాలు మూట. షబీనా బల్ల మీద పెట్టి విప్పినాడు. రేకు అన్నాడే, ఆ కార్డు. ఎన్నో ఏళ్ల కిందటిది. మూత మీద గీతలు, ఫ్యాన్ నిండా దుమ్ము. ఒక్క మాట చెప్పలేదు. దాని ఊరు చెప్పలేదు, పేరు చెప్పలేదు, బలం చెప్పలేదు. వాడు నోరు మూసుకొని అంతసేపు నిలబడటం ఈ ఇంట్లోకి కోడలిగా వచ్చినప్పటి నుంచి నేను చూడలేదు.

షబీనా తన పాత రంగుల కుంచె తెచ్చి దుమ్ము దులిపింది. ఫ్యాన్ రెక్కల మధ్యలోంచి ఎండిన చేప పొలుసు ఒకటి ఊడిపడింది. కార్డు బిగించి బటన్ నొక్కింది. కాసేపు ఏమీ లేదు. అంతలో ఫ్యాన్ గరగరమంటూ తిరిగింది. ఎండుచేపల వాసన గదంతా వచ్చింది. తెర వెలిగింది. ముసుగు కింద సాహిరా తల వంచుకొని, ఒప్పుకుంటున్నట్టు పెదవులు కదిలిస్తా ఉంది. బొమ్మ ఆగి ఆగి నడుస్తా ఉంది, కానీ నడుస్తా ఉంది.

డిస్కు కోసం వచ్చిన టైటస్ గుమ్మంలో నిలబడి కొంచెంసేపు చూసి, బండి తాళం జేబులో వేసుకొని, డిస్కు తీసుకోకుండానే వెళ్లిపోయినాడు.

దరియావలి ఆ రోజు హోటలుకు వేసే చేపల పెట్టెను మూత పెట్టకుండా తెచ్చి వాళ్లమ్మ ముందు పెట్టినాడు. అత్త చేయి ఐసులోకి పెట్టి అడుగుదాకా తడిమి చూసింది. చేయి తుడుచుకుంటూ "పోయిరా" అనింది.

తర్వాత, పిల్ల పని నిలిచిందని, రొట్టెలు బెల్లంతో నలిపి మలీదా చేసుకున్నాం, ఫాతిహా చదివించి పంచడానికి. ఆ పెట్టెలోని బెల్లమే వేద్దామా అని అడిగితే అత్త ఒప్పుకోలేదు. మోసంతో వచ్చింది దేవుడి పేరు మీద పంచకూడదని అంగట్లోంచి కొత్త బెల్లం తెప్పించింది. ఆ పలకను తనే రోకలితో చితక్కొట్టి, తీసుకుపోయి మెట్టు సందు దగ్గర పోసింది.

"నిజం మొదట కనిపెట్టింది ఇవే కదా," అనింది. "వీటినే తిననీ."