పెనుగొండలో మూడో ఆట

“తాతా, ఇది చూసి చెప్పు. మన దిక్కు ఇట్లాంటి ఆట ఎప్పుడన్నా జరిగిందా?”

ఫోను కొంచెం దూరంగా పట్టు పాపా. దగ్గర పెడితే నాకు నీ బొటనవేలే కనపడతాది. ఆ, ఇప్పుడు కనపడె. టోపీలు, పట్టీల చొక్కాలు... క్రికెట్టా? కాదా? బేస్‌బాలా. అంటే నువ్వాడే సాఫ్ట్‌బాల్‌కు పెదనాయన అన్నమాట. సరే.

అయితే నువ్వు చెప్పేదేమి? అమెరికాలో తెల్లోళ్ల జట్లలోకి నల్లోళ్లను రానీలేదు. రానీకపోతే వీళ్లు గమ్మున కూసోలేదు. సొంతంగా జట్లు పెట్టుకునిరి, సొంతంగా లీగులు పెట్టుకునిరి. ఏడాది కడాన గెలిచిన జట్లు రెండు ఎదురుబొదురు నిలబడి, ఈ ఊర్లో ఒక ఆట, ఆ ఊర్లో ఒక ఆట, ఇట్ల వరసగా ఆడి, ఎవరు మొనగాళ్లో తేల్చుకునిరి. పేపర్లోళ్లు సగం రాయనే లేదంట, చూసినోళ్లు చెప్పిందే మిగిలిందంట. అంతే కదా?

జరిగింది పాపా. మన దిక్కు గూడా జరిగింది. అమెరికా అంత కాదులే. వాళ్లది పెద్ద జాతర అనుకుంటే మాది బొరుగులు పంచుకున్నంత. కానీ జరిగింది. హిందూపురానికీ ధర్మవరానికీ. ఆట బాల్ బ్యాడ్మింటను. మూడు ఆటల్లో రెండు గెలిచినోళ్లదే పేరు. మూడోది పెనుగొండలో. దాంట్లో మీ తాత గూడా ఆడినాడు.

నవ్వొద్దు. ఆడినాడు అంటే... చెప్తాలే, యాడికి పోతాండావు?

అప్పుడు హిందూపురంలో ఒక క్లబ్బు ఉండె. చుట్టూ కంచె. లోపల ఆఫీసర్లు, వకీళ్లు, మండీ షావుకార్లు ఆడతాండ్రి. మేము కంచెకు ఇవతల. బంతి కంచె దాటితే ఎత్తిచ్చేది మేము. బాగా ఎత్తిస్తాండారప్పా అని మెచ్చుకుంటాండ్రి గూడా. లోపలికి వచ్చి ఒక ఆట ఆడొచ్చునా అని అడిగితే, గేటుకాడి మనిషి మా కాళ్ల దిక్కు చూస్తాండె. చెప్పులుండాయా లేవా అని కాదు. ఎవరి కాళ్లో అని.

దాంతో నరసింహులు అని, చెప్పులు కుట్టే ఆయప్ప, ఎడమచేతి వాటం, ఆయప్పే మా కెప్టెను, బెల్లం మండీ వెనకాల ఖాళీ జాగా చూసి ముగ్గుపిండితో గీతలు గీసె. వల మేమే అల్లుకుంటిమి. ఆ జాగాలో ఈగలు ఎంతంటే, ఆడేటప్పుడు నోరు తెరిచి పాయింటు అడగాలన్నా ఆలోచించాల్సి వస్తాండె. జట్టుకు ఐదుమంది. నూనె మిల్లు కూలీలు ఇద్దరు, బండి తోలే కోటప్ప, ఇంకొకాయన పేరు... ఉండు... ఎద్దుల సంతకాడ ఉంటాండె... రాదులే, మెల్లగా గుర్తొస్తాది. ఆ నలుగురూ, నరసింహులూ.

నేను ఆరోవాణ్ణి. ఆరోవాడంటే ఏమనుకున్నావు? నీళ్ల కడవ పక్కన కూసునేవాడు. నాలుగేండ్లు కూసుంటి. కడవకు నాకంటే ఎక్కువ మర్యాద ఉండె, దాని కోసమన్నా వచ్చి అడుగుతాండ్రి.

అయితే నన్ను ఎందుకు పెట్టుకునిరంటే, బంతి నేను చేస్తాంటి. మనది దూదేకే ఇల్లు కదా. మా నాయన విల్లు భుజానేసుకుని ఊరూరా పోయి పరుపులు చేస్తాండె. దూది ఎంత ఏకితే ఎంత మెత్తనవుతాదో నా వేళ్లకు తెలుసు. అంగట్లో బంతి బెంగుళూరు నుంచి వస్తాది, దాన్ని కొనే దుడ్లు మా తాహతుకు లేవు. అందుకని లోపల దూది ఉండ, పైన కంబళి నేసే వాళ్లకాడ తెచ్చిన గొర్రెబొచ్చు దారం చుట్టి, నిమ్మకాయ కంటే కొంచెం పెద్దగా చేస్తాంటి. మెత్తగా, నిమ్మళంగా పోతాది. కొడితే కొట్టినట్టు కాదు, బుజ్జగించినట్టు.

ధర్మవరంలో గూడా మన మాదిరే. క్లబ్బు పెద్దోళ్లది, కంచె ఇవతల మగ్గం కూలీలు. వాళ్లు రంగులద్దే జాగాలో ఆడుకుంటాండ్రి. వాళ్ల కెప్టెను ఓబులేసు, తాటిచెట్టంత మనిషి. మగ్గం గుంటలో అంత పొడుగు కాళ్లు యాడ పెట్టుకునేవాడో ఇప్పటికీ నాకు అర్థం కాదు. వాళ్ల బంతి పట్టు తుక్కుతో చుట్టింది. గట్టిగా, నున్నగా ఉంటాది. కొడితే రామచిలక పోయినట్టు సుయ్యిమని పోతాది.

మొదటి ఆట హిందూపురంలో, మా బంతితో. ఓబులేసు ఎగిరి కొట్టినా బంతి ఇడ్లీ మాదిరి వచ్చి పడె. మేము గెలిస్తిమి. రెండోది ధర్మవరంలో, వాళ్ల బంతితో. కోటప్ప బ్యాటు ఎత్తేలోపల బంతి ఆయప్పను దాటిపోయి గోడకు తగిలి మళ్లా వస్తాండె. వాళ్లు గెలిచిరి. చెరొకటి. ఇంక మూడోది నడిమధ్యలో పెనుగొండలో పెట్టుకుందాం అనిరి. మేము ఇటునుంచి, వాళ్లు అటునుంచి ప్యాసింజరు రైల్లో రావల్ల.

ఇప్పుడు నా గోస చెప్తా. నాకు అప్పటికి పెండ్లయి మూడు నెలలు. మీ అవ్వది పెనుగొండ పక్కన పల్లె. పెండ్లిచూపుల్లో వాళ్ల నాయన, అబ్బోడు ఏం చేస్తాడు అని అడిగితే, మా చిన్నాయన నోరు ఊరకుంటాదా, మావోడు పరుపులు చేస్తాడు, అదిగాక బ్యాట్మెంటన్లో ఛాంపియను అని చెప్పేసె. నేను కాదని చెప్పొచ్చు. చెప్పలేదు. మీ అవ్వ వాకిలి సందులోనుంచి చూస్తాండె. ఆ చూపుకు నేను ఛాంపియన్నే అనిపించె.

మూడో ఆట పెనుగొండలో అంటానే ఆమె పుట్టింటికి కబురు పంపె. వాళ్ల నాయన, ఇద్దరన్నలు, మేనత్త, అందరూ అల్లుని ఆట చూసేదానికి వస్తాండారు. నరసింహులు కాడికి పోయి, అన్నా, ఒక్క పాయింటుకన్నా నన్ను గీత లోపల నిలబెట్టు, ఇంట్లో మానం పోతాది అని అడుక్కుంటి. ఆయప్ప కుట్టేది ఆపకుండానే చెప్పె, నీ మానం కోసం నేను మ్యాచి పోగొట్టుకోవల్లనా, కడవ పక్కన నిలబడు, కూసోవాకు, దూరం నుంచి చూస్తే ఆడినట్టే ఉంటాది అని.

సరే, పెనుగొండకు పోతిమి. కొండ కింద బడి గ్రౌండు. ఆదివారం. జనం బానే వచ్చినారు, గొర్రెలోళ్లు గూడా గొర్రెలను కొండకు వదిలేసి వచ్చి కూసునిరి. మా అత్తగారోళ్లు, వాళ్లతో మీ అవ్వ గూడా, ముందు వరసలో దుప్పటి పరుచుకుని ఉండారు. బడి డ్రిల్లు సారు అంపైరు. ఆయన విజిలు ఊది, యాడప్పా బంతి అనె. ఇటునుంచి నేను మా బంతి తీసిస్తి. అటునుంచి ఓబులేసు వాళ్లమ్మ నాగమ్మ వాళ్ల బంతి తీసిచ్చె.

ఆడ నిలబడిపోయె ఆట. మా బంతే అని మేము, మా బంతే అని వాళ్లు. బొమ్మా బొరుసా వేద్దామంటే ఓడినోళ్లు ఇంటికి పోవడమే అని అందరికీ తెలుసు. బడిలో అంగడి బంతి ఉండాది గానీ అది హెడ్‌మాస్టరు బీరువాలో, బీగం చెవులు ఆయనతో పాటు అనంతపురంలో. ఒక గంట అరుచుకుంటిమి. ఓబులేసు బ్యాటు చంకలో పెట్టుకుని, రైలుకు పోదాం పదండ్రా అనె.

నాగమ్మ కదలలే. ఆమె కండెలు చుట్టే మనిషి. కండె అంటే మగ్గానికి దారం చుట్టే పుల్ల. ఆమె నన్ను చూసి అడిగె.

“ఏమప్పా దూదేకులాయన, నీ బంతి విప్పుతావా? నేనూ విప్పుతా. రెండూ కలిపి ఒకటి చుడదాం.”

పాపా, చేసేటప్పుడు తెలీదు, విప్పేటప్పుడు తెలుస్తాది ప్రాణం యాడుండాదో. రెండు దినాలు చేసిన బంతి. విప్పితే మళ్లా ఆ బంతి కాదు. నరసింహులు నా దిక్కు చూసె. నేను కొన పట్టి లాగితి. ఆమె గూడా లాగె. గ్రౌండు నడిమధ్య ఇద్దరం బాసింపట్టు వేసుకుని కూసుంటిమి. లోపల ఆమె పట్టు ఉండ, ఎగరాల కదా. దాని మీద నా దూది ఒక పొర. పైన నా ఉన్ని. నేను తిప్పి పట్టుకుంటే ఆమె చుట్టె. ఆ నోరు మాత్రం ఆగలే. గట్టిగా పట్టప్పా, ఇది పరుపు కాదు, దీని మీద ఎవరూ పండుకోరు అంటాది. జనం ఒకటే నవ్వు. మా మామ గూడా నవ్వె, అది నాకు మంచి సూచన అనిపించలే.

అయితే చుట్టేటప్పుడు ఒకటి చూసినా. ఏండ్ల తరబడి కండెలు చుట్టిన చెయ్యి కదా, ఒకే వాటంగా పోతాంది. బంతికి నాలుగు దిక్కులా తిప్పి చుట్టల్ల. ఆమె కండెకు చుట్టినట్టు అడ్డంగానే చుడతాంది. అయ్యేసరికి బంతి రవ్వంత కోలగా వచ్చె, వంకాయ పిందె మాదిరి. చెప్పుదామా అనుకుంటి. ఆ నోటికి భయపడి చెప్పలే. డ్రిల్లు సారు చేతిలో ఎగరేసి చూసి, బాగుండాది అనేసె.

ఆట మొదలాయె. ఆ బంతి మెల్లగా కొడితే తిన్నగా పోతాది. గట్టిగా కొడితే మాత్రం కడాకు పోయి పక్కకు జారుతాది. కడవ పక్కన నాకు వేరే పనేముంది, అదే చూస్తాంటి. నాగమ్మ గూడా గీత బయటినుంచి మెల్లగా కొట్టరా, మెల్లగా కొట్టరా అని కొడుక్కు చెప్తానే ఉండె. మొదటి సెట్టు వాళ్లది, రెండోది మాది. మూడోది పోతాంది, పోతాంది... ఇరవై తొమ్మిది కొడితే గెలుపు. ఇరవై ఏడు, ఇరవై ఏడు. కోటప్ప వెనక్కి ఉరికి, రాయి మీద కాలేసి, మడమ మలుచుకుని పడె.

నరసింహులు కోటప్పను చూసె. కడవను చూసె. నన్ను చూసె. ఆ మొఖం నేను చచ్చేదాకా మరిచిపోను. ఇంట్లో ఇంకేమీ లేనప్పుడు చింతపండు నీళ్లలోకి సంగటి తినే మనిషి మొఖం అది.

దస్తగిరీ, రా అనె.

నేను గీత లోపలికి పోతి. మా మేనత్త, మీ అవ్వ మేనత్తలే, వాడే మన అల్లుడు అని ఊరంతా వినపడేటట్టు చెప్తాంది. నాకు ఒకటే పని, వెనక మూల కాపాడేది. దేవుని దయ, మొదటి పాయింటుకు బంతి నా దిక్కే రాలే. నరసింహులు ఒక్కడే తీసె. ఇరవై ఎనిమిది. సర్వీసు మాదే.

నరసింహులు సర్వీసు చేసె. అటు ఇటు, అటు ఇటు, ఆరేడుసార్లు పోయె బంతి. ఓబులేసుకు ఓపిక చాలలే. వాళ్లమ్మ, మెల్లగా అని అరుస్తాంటేనే ఎగిరి, ఉండే బలమంతా పెట్టి కొట్టె. నేరుగా నా మూలకు. కొట్టు దస్తగిరీ, కొట్టు అని నలుగురూ అరిచిరి. నేను బ్యాటు ఎత్తితి. ఎత్తి... నిలబడితి. అంతే. ఇది జారుతాది అని నా వేళ్లు చెప్తాండాయి. నిజం చెప్తాండా పాపా, సగం అది తెలివి, సగం భయానికి చెయ్యి కొయ్యబారిపోయింది. ఏ సగం పెద్దదో ఆ పైవానికే తెలుసు.

బంతి నా మోచేతి పక్కన పోయె. జారె. గీతకు జానెడు అవతల పడె.

డ్రిల్లు సారు చెయ్యి మా దిక్కు ఎత్తె. ఇరవై తొమ్మిది.

తర్వాత ఏమాయనో నాకు సగమే గుర్తు. నన్ను భుజాల మీద ఎత్తినారు, కోటప్ప గూడా ఒంటికాలి మీద గెంతుతా వచ్చె. ఓబులేసు వచ్చి, కొట్టకుండా గెలిచినోణ్ణి నిన్నే చూసినాను రా సామీ అని కౌగిలించుకునె. నాగమ్మ కొడుకు వీపు మీద ఒకటి వేసి, కోలగా చుట్టింది నాకు తెలీదనుకున్నావా, అందుకే కదరా మెల్లగా అంటి, ఆయప్ప విన్నాడు, నువ్వు వినలే అనె. అంటే ఆమెకూ తెలుసు! గెలుపుకు పెట్టిన ఇత్తడి చెంబులో మజ్జిగ పోసుకుని రెండు జట్లూ తాగితిమి. రైలు టయానికి ఎవురూ స్టేషనుకు పోలే.

తర్వాత ఐదారేండ్లకు క్లబ్బు గేటు తెరిచిరి. మొదట లోపలికి పోయింది నరసింహులే. మంచిదే, తెరవాల్సిందే, ముందే తెరవాల్సింది. కానీ బాగా ఆడేటోళ్లంతా ఆడికి పోయేసరికి మా వరసాటలు నిలిచిపోయె. మీ అమెరికావాళ్లదీ అంతే అయింది అంటివి కదా. మా ఆటకు రాసినోడు లేడు, ఫోటో లేదు.

మీ అవ్వ ఉండాది. అదిగో, లోపల గొణుగుతాంది చూడు, వింటానే ఉంటాది. ఆ దినం ఇంటికి పోతా అడిగితి, నేను బంతిని తాకనే లేదు, చూసినావు కదా అని. మరుసటి దినం బావికాడ ఆమె చెప్తాంటే విన్నా. మా ఆయన ఎగిరి కొట్టినాడు, బంతి నెట్టు మీదుగా పోయింది అని. ఇంకో పదేండ్లకు ఆ బంతి కొండకు తగిలె. మొన్న మీ అమ్మకు చెప్పేటప్పుడు కొండ దాటి గొర్రెల నడుమ పడింది. మొదట్లో కాదే, నేను కొట్టనే లేదు అని సరిదిద్దుతాంటి. ఇప్పుడు ఊరకుంటా. ఆమె చెప్పే ఆటలో నేనే బాగా ఆడతాండా.

నువ్వూ ఆడు పాపా. గెలువు, ఓడు, అది నీ చేతి సత్తువ. దేవుడు నీకు ఒక మనిషినియ్యల్ల, నీ బంతిని ఏడాదికింత దూరం ఎగరేసేటట్టు చెప్పే మనిషిని. సల్లగా ఉండు. పో, అవ్వ సంగటి కలిపినట్టుండాది... పోయి అడుగు, ఈసారి బంతి యాడ పడిందో...