పేపర్ నెమలి

గోదావరిఖనిలో కార్మికుల క్వార్టర్ల వరుస. పగటిపూట తలుపుకు గడియ పెట్టుకునే ఇల్లు ఆ వరుసలో ఒక్కటే. లోపల, బొగ్గుబాయి పని మాని మూడేళ్లయిన కొమురెల్లి, అతని భార్య సమ్మవ్వ.

“జల్ది తియ్యయ్యా! పుల్ల, పేపర్లు, గంజి గిన్నె, అన్నీ మంచం కిందికి నూకు.”

“ఆగవే, నెమలి తోక తడిగున్నది. ఇప్పుడు నూకితే ఊడొస్తది.”

“తోక పోతె పోనియ్యి. బయట కనకవ్వ నిలవడ్డది.”

“ఏ కనకవ్వ?”

“ఏ కనకవ్వ ఏంది? సదయ్య పెండ్లాం. కిటికీలకెళ్లి చూసిన.”

“సదయ్య పెండ్లామా… ఎందుకొచ్చిందే? నేను లేనని చెప్పు.”

“మూడేండ్ల సంది గడప దాటని మనిషివి, లేవంటె నమ్ముతదా? అయినా నీ కోసం రాలే. పేపర్లతోని బుట్టలల్లుడు నేర్పుమని మొన్న అంగట్ల నన్నడిగింది. రా అన్న.”

“రా అన్నవా! నీకొస్తదా బుట్టలల్లుడు?”

“మరేమనాలె? జ్యోతినగర్ కాలనీ మేడమ్‌లు గోడకు పెట్టుకోను నెమళ్లంటరు, పూలబుట్టలంటరు. అన్నీ నేనే చేస్తున్ననని ఊరంత చెప్పుకుంటిమి. నా మొగడు చేస్తుండని చెప్పాల్నా? చేతులు ఒణుకుతున్నయని అన్‌ఫిట్ రాయించుకోని తన జాగల కొడుక్కు నౌకరి పెట్టిచ్చినోడు, పాత పేపర్లను చీపురుపుల్లంత సన్నగ చుట్టి నెమలి ఈకలు చేస్తుండని చెప్పాల్నా?”

“మెల్లగనవే.”

“చెప్తె మన సంపత్ నౌకరి ఏమైతది?”

“ఎర్కనే నాకు. దినాం ఎర్కనే. చాయ్ హోటల్‌కు పోతె కప్పు ఒణికిచ్చాలె, అంగి మీద పోసుకోవాలె. గందుకే పోవుడు బందు పెట్టిన. ఇరవై ఎనిమిదేండ్లు బాయిల పనిచేసిన చేతులాయె, ఊకె కూసుండుమంటె కూసుంటయా?”

“నేనొద్దన్ననా? చేసుకో. ఆమె ముంగట మాత్రం ఒణికిచ్చు.”

“వేరేటోళ్ల ముంగటైతె ఒణికిస్త. కనకవ్వ ముంగటనా? సదయ్య ఇంట్ల నెల దినాలు కూసోని, ఆయన చేతులు చూసి నేర్చుకున్న ఒణుకుడు, మళ్ల ఆయన పెండ్లాం ముంగటనే… సిగ్గుతోని సస్తున్ననే.”

“ఆ సిగ్గు అప్పుడుండాలె.”

“మెడికల్ బోర్డుకు ఇద్దరం ఒక్కనాడే పోతిమి. ముందుగాల నన్ను పిలిచిండ్రు. నా ఎనుక ఆయన పోయిండు. ఇద్దరం ఒక్క తీరుగ ఒణుకుతుంటె రెండోడు నకల్ చేస్తుండనుకున్నరు. నకల్ చేసినోడు అన్‌ఫిట్ అయిండు, నిజంగ ఒణికేటోడు ఫిట్ అయిండు. గది యాదికొస్తె ముద్ద దిగదే నాకు…”

“అక్కా! ఓ సమ్మక్కా! ఉన్నరా లేరా?”

“వస్తున్న చెల్లె, వస్తున్న! … తేలు కుట్టిన దొంగ లెక్క గట్ల కూసోకయ్యా. మంచిగ కూసో.”

“ఏందక్కా, పగటీలి గడియ పెట్టుకున్నరు?”

“కోతులు చెల్లె. ఊకె కోతులొస్తున్నయ్. రా, కూసో.”

“మంచిగున్నవా బావా?”

“ఆఁ… మంచిగనే. సదయ్య… డ్యూటీకి పోయిండా?”

“ఏం డ్యూటీ బావా. అన్నీ నాగాలే. మొన్న చేతిలకెళ్లి సుత్తె జారి పక్కాయన కాలు మీద పడ్డదట. గప్పటి సంది భయమైతుందని ఇంట్లనే కూసుంటుండు.”

“కాలు మీదనా…”

“గందుకే అక్క దగ్గరికొచ్చిన. నేనింత పని పట్టుకుంటె ఇల్లు నడుస్తది. అక్కా, నీ నెమలిని జ్యోతినగర్ల ఒక మేడమ్ ఇంట్ల చూసిన. నిజం నెమలనుకున్న! ఎవలు చేసిండ్రంటె సమ్మవ్వ అన్నరు. ఇంత బంగారం లాంటి పని చేతిల పెట్టుకోని ఎన్నడు చెప్పకపోతివి.”

“ఏముందే గండ్ల… చాయ్ పెడత ఉండు.”

“చాయ్ తర్వాత. ముందుగాల నేర్పు. ఇగో, పేపర్లు తెచ్చుకున్న. మా బిడ్డ దీప పాత నోటుబుక్కులు గూడ తెచ్చిన.”

“నోటుబుక్కులా… పనికొస్తయా అయ్యా?”

“బావనడుగుతవేందక్కా?”

“అలవాటు చెల్లె, ఏదున్నా ఆయన్నే అడుగుత. పనికొస్తయ్, ఎందుకు రావు. ఇగో, పేపరు గిట్ల పెట్టి, పుల్ల గిట్ల పెట్టి…”

“సైకిల్ పుల్లనా గది?”

“ఆఁ, సైకిల్ పుల్లనే. గిట్ల చుట్టుకుంట పోవాలె… గిట్ల…”

“వదులైతుందక్కా.”

“ఐతది. మొదాలు గట్లనే ఐతది.”

“చినిగిందక్కా.”

“ఈ పేపరే మంచిగ లేదు. ఇంకోటి తే.”

“మూలకెళ్లే… మూలకెళ్లి పెట్టాలె పుల్లను. ఏటవాలుగ.”

“ఏందయ్యా?”

“ఏం లేదు. నువ్వు చేస్తుంటె చూస్త గద. మూలకెళ్లి పెడ్తవు.”

“ఆఁ, అవునవును. మతి లేదు నాకు. చాయ్ పెట్టుకొస్త, తాగినంక మంచిగ చూపెడత.”

“బావా, నీకెందుకు చెమటలు పడుతున్నయ్?”

“ఉక్కపోస్తుంది గద.”

“నాకు ఉక్కపోస్తలేదు.”

“ఇగో చాయ్. చెల్లె, నువ్వు తీసుకో. అయ్యా, పైలం, మెల్లగ పట్టుకో… ఒలికె, ఒలికె! చూసినవా చెల్లె ఆయన చేతులు? రోజురోజుకు ఎక్కువే గని తక్కువైతలేదు.”

“చూస్తున్న. బావా, ఒకమాట అడగనా?”

“అ… అడుగు.”

“కప్పు పట్టుకుంటెనే ఒణుకుతున్నయా?”

“ఆఁ. పట్టుకుంటె… ఎక్కువ.”

“మా ఆయనకు పట్టుకుంటె తగ్గుతది బావా. పట్టు దొరకది గని ఒణుకు తగ్గుతది. ఊకె ఒళ్లె పెట్టుకుంటెనే ఎక్కువైతది.”

“ఒక్కొక్కలది ఒక్కో తీరు చెల్లె…”

“కావచ్చక్కా. నీ గోర్లకు గంజి లేదు. బావ గోర్ల నిండ ఉన్నది.”

“అది… అది నేను అన్నం గంజి…”

“తోక గూడ కనవడుతుంది, మంచం కిందికెళ్లి.”

“చెల్లె! నీ కాళ్లు మొక్కుత. సంపత్‌కు నిన్నమొన్ననే బిడ్డ పుట్టె. నౌకరి పోతె…”

“లే అక్కా. గట్ల చెయ్యకు. నేనెవ్వలకు చెప్ప. చెప్పేదుంటె మూడేండ్ల కిందనే చెప్పకపోదునా?”

“మూడేండ్ల కిందనా?”

“సమ్మవ్వా, నువ్వు ఊకో. కనకవ్వా, నేను దొంగను. మీ ఇంట్ల చాయ్ తాగుకుంట, సదయ్య చేతులు దొంగిలిచ్చిన. ఆయన నోట్ల మన్ను గొట్టిన. ఎదురువడితె ఏం మొకం పెట్టుకోని మాట్లాడాలెనని ఈ ఇంట్లకెళ్లి బయటికొస్తలేను. ఆయనకు మాత్రం చెప్పకు. ఆయనకు తెలిస్తె నేను బతకను.”

“ఆయనకు తెల్సు.”

“తెల్సా? ఎప్పటి సంది?”

“నువ్వు నేర్చుకునేటప్పటి సందే. ఎవలొచ్చినా చేతులను తువ్వాల కింద దాచుకునే మనిషి బావా, సిగ్గని. నువ్వొస్తె మాత్రం తువ్వాల తీసి పక్కకు పెట్టెటోడు. గదేందయ్యా అని అడిగిన. ‘కొమురెల్లి నా చేతులు చూడనీకె వస్తుండే. వాళ్ల పిల్లగాడు పని లేక తిరుగుతుండు, మంచిగ కనవడనియ్యి’ అన్నడు.”