నలభై నాలుగు గజాల తీగ

1897 నవంబరు 13, శనివారం, ఉదయం 11 గంటలకు రాజమహేంద్రవరంలో మేజిస్ట్రేటుగారి ఎదుట చెప్పినది.

నా పేరు ఏలేశ్వరపు సూర్యప్రకాశం. వయసు పద్దెనిమిది. ఎఫ్.ఎ. రెండో ఏడు చదువుతున్నాను. మాది పెనుగొండ. మా నాన్నగారు పౌరోహిత్యం చేస్తారు.

ముద్దాయి బుల్లియ్యను రెండేళ్ళుగా ఎరుగుదును. విజ్జేశ్వరం నుంచి ధవళేశ్వరం రేవుకు నన్ను గోదావరి దాటించేది అతనే. పడవలో నేను పాఠం పైకి చదువుకుంటే అతను వింటాడు. తీగలోని విద్యుత్తుకు పడే అడ్డును నిఘంటువు చూసి నిరోధమని రాసుకున్నాను. అతను దాన్ని ఎదురన్నాడు. అప్పటినుంచి నేనూ ఎదురనే అంటున్నాను. దాన్ని ఓములలో కొలుస్తారనీ, ఓము ఒక జర్మనీ పంతులుగారి పేరనీ చెప్పాను.

"అంత సదువుకున్నాయన పేరు అడ్డానికెట్టేరా, పాపం. మరి మీ పేరు దేనికెడతారండీ?" అన్నాడు.

పోలీసువారు అతని పడవలో పట్టుకున్న నలభై నాలుగు గజాల ఇనుప తీగ నేనిచ్చినది. టెలిగ్రాఫు ఆఫీసువారు పాత తీగ చుట్ట ఒకటి మా కాలేజీకి ప్రయోగాలకిచ్చారు. సెప్టెంబరులో దాని ఎదురు కొలిచాను. రెండు ఆంపియర్ల ప్రవాహం నడిపితే చివరల మధ్య అరవై అయిదు వందో వంతుల వోల్టు వచ్చింది. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఎదురు. నలభై నాలుగు గజాలంటే మైలులో నలభయ్యో వంతు. ఆ లెక్కన మైలుకు పదమూడు ఓములు. పని అయ్యాక చుట్ట పెరటి కొట్లో పడి ఉంది. బుల్లియ్య పడవ ముక్కు చీలిందని, కట్టుకోమని ఇచ్చాను. ఎవరినీ అడగలేదు.

ఈ నెల 9 మంగళవారం ఉదయం 6 గంటలకు, రాజమండ్రి నుంచి కాకినాడకు వెళ్ళే నలభై మైళ్ళ టెలిగ్రాఫు తీగ పనిచేయడం మానింది. 10 గంటలకు ఆ తీగ వెంట సాగే కాలువ మీద, రాజమండ్రి నుంచి తొమ్మిదో మైలు దగ్గర బుల్లియ్యను పట్టుకున్నారు. తీగ కోసి, కోసిన చోటు కనబడకుండా అతుకు పెట్టాడన్నారు. అందుకే లైను మనుషులు ఆ తొమ్మిదో మైలు చుట్టూనే వెతికారు. అతుకు దొరకలేదు.

బుధవారం ఉదయం 8 గంటలకు రేవులో అతని భార్య పెద్దింట్లమ్మ చెబితే నాకు తెలిసింది. తీగ ఎవరిచ్చారని ఎంత అడిగినా అతను నోరు విప్పలేదట. వెంటనే టెలిగ్రాఫు ఇన్‌స్పెక్టరు దొరబాబుగారి దగ్గరకు వెళ్ళి జరిగింది చెప్పాను. మా సైన్సు పంతులుగారు సూది ఉన్న కొలత పెట్టె ఎరువిచ్చారు. కాకినాడ చివర తీగను విడదీసి ఉంచమని దొరబాబుగారు రైల్లో చీటీ పంపారు. మధ్యాహ్నం 3 గంటలకు రాజమండ్రి చివర కొలిచాము. ఇరవై వోల్టులకు ఇరవయ్యో వంతు ఆంపియరు పారింది. అవతలి చివర విడిగా ఉన్నా పారిందంటే తీగ ఎక్కడో నేలను తాకుతున్నట్టు. ఎదురు నాలుగు వందల ఓములు. పదమూడుతో భాగిస్తే ముప్ఫై ఒకటో మైలు దగ్గర. తొమ్మిదో మైలు కాదు. బయటికి పరుగెత్తి, మీ ఆయన బయటపడ్డాడని అక్కడ కాచుకుని ఉన్న పెద్దింట్లమ్మతో చెప్పేశాను.

దొరబాబుగారు వెనక్కి పిలిచారు. "తీగ ఎదురొక్కటే లెక్కేశావేంటోయ్? తీగ తగిలిన నేలకి ఎదురుండదూ? తొమ్మిదో మైలులో ఎండునేల మీద పడ్డా నాలుగొందలే రావచ్చు."

ఆయన చెప్పింది నిజం. ఆ మాట మళ్ళీ పెద్దింట్లమ్మకు చెప్పవలసి వచ్చింది. ఆమె ఏడవలేదు. "రెండో చివర కూడా కొలవండి బాబూ, వల రెండేపులా లాగితేగా చేప తెలిసేది," అంది.

రైలు కుదుపుకు సూది చెడుతుందని ఆమె తమ్ముడు సత్తియ్య పడవలో బయల్దేరాము. పెద్దింట్లమ్మ కూడా వచ్చింది. పెట్టెను తన పాత చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. దించలేదు. శుక్రవారం 11 గంటలకు కాకినాడలో కొలిచాను. రాజమండ్రి చివర అప్పుడు విడదీసి ఉంది. ఇరవై వోల్టులకు పదో వంతు ఆంపియరు. రెండు వందల ఓములు. పదకొండున్నరకు, ముందు అనుకున్నట్టే, రాజమండ్రిలో ఉండిపోయిన దొరబాబుగారు ఆ చివర బ్యాటరీ కలిపారు. కాకినాడలో సూది కొంచెం కదిలింది. తెగిన తీగలో సూది కదలదు.

రెండు కొలతలు కలిపితే ఆరు వందలు. నలభై మైళ్ళ తీగకు అయిదు వందల ఇరవై. మిగిలిన ఎనభై, నేల ఎదురు రెండుసార్లు లెక్కకు రావడం వల్ల. కాబట్టి నేలది నలభై. నాలుగు వందల్లో నలభై తీసి పదమూడుతో భాగిస్తే ఇరవై ఏడు మైళ్ళ ముప్పాతిక, కొంచెం తక్కువ.

సాయంత్రం నాలుగున్నరకు అక్కడికి చేరాము. స్తంభం ఒకటి మెత్తబడిన గట్టులో ఒరిగి ఉంది. తీగ పింగాణీ బుడ్డి మీంచి జారి వరిచేను నీళ్ళలో పడి ఉంది. ఎక్కడా తెగలేదు. చుట్టూ ముళ్ళకంప వేసి ఉంది. ఆ చేను లోవమ్మ అనే ఆమెది. ఎందుకు చెప్పలేదని అడిగాను. "దొరల తీగండి బాబూ. ముట్టుకుంటే ఏమవుద్దో, సెప్తే నా మీదెక్కడెడతారో. గొడ్లు తొక్కకుండా కంపేసేను," అంది. ఆ చుట్టుపక్కల పోలీసు స్టేషను హెడ్డు కానిస్టేబులు వచ్చి చూసి రాసుకున్నారు.

ఎంత శక్తి ఖర్చయిందని తమరు అడిగారు. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాటులు. రాజమండ్రి నుంచి పంపినది ఒక వాటు. గుడ్డిదీపానికి కూడా చాలదు.

చుట్ట ఇవ్వడానికి నాకు అనుమతి ఉందా అని అడిగారు. లేదు. ఆ తప్పు నాది. కాలేజీ నుంచి తీసేసినా ఈ మాట మార్చను.

ఇంతవరకు రాశాక తమరు బుల్లియ్యను, నాలుగు రోజులు ఎందుకు చెప్పలేదని అడిగారు. అతని జవాబు నా వాంగ్మూలంలోది కాదు. అయినా అతని మాటల్లోనే ఇక్కడ రాయించమని మనవి చేసుకున్నాను. తమరు ఒప్పుకున్నారు.

"సెప్తే ఈరి సదువాగిపోద్దండి. నేను జైల్లో కూకుంటే ఆగిపోడానికి నాకేం సదువుందండీ."

ఇది నాకు చదివి వినిపించారు. అంకెలు మరోసారి సరిచూశాను. నేను చూసింది, కొలిచింది, చేసింది ఇంతే, ఇదంతా నిజం.

(సంతకం) ఏ. సూర్యప్రకాశం

పైన రాసిన నా మాట నాదే.
బుల్లియ్య, ఎడమ బొటనవేలి ముద్ర