మెట్ల మీద లైటు

భయం గురించిన ఓ పాత నవలికను అక్క ఒక్కతే రంగస్థలం మీద ఆడబోతోంది. లైట్లు చూసేది తమ్ముడు. రేపే ప్రదర్శన.

“అక్కా, నాటకంలో నీ గుట్టు పట్టుకుని బెదిరించే ఆవిడ మెట్లెక్కి వస్తోందని వణికిపోతావు చూడు, అప్పుడు మెట్ల మీద లైటు వెయ్యనా?”

“వద్దురా. వేస్తే అక్కడ ఎవరూ లేరని జనానికి తెలిసిపోతుంది.”

“తెలిస్తే ఏం?”

“నీ మొహం! ఇంక భయమెక్కడుంటుంది?”

తమ్ముడు స్విచ్చు మీంచి చెయ్యి తీశాడు కానీ, ఊరుకోలేకపోయాడు.

“మరి మీ ఇంట్లో మెట్ల లైటు రెండేళ్లుగా తెల్లార్లూ వెలుగుతూనే ఉంటుందేం? అక్కడా ఎవరూ లేరుగా?”

అక్క శాలువా మడతపెట్టి, మళ్లీ విప్పింది.

“మీ బావ చెప్పకుండా వెళ్లిపోయాడు. చెప్పకుండానే తిరిగొస్తే, చీకట్లో తడుముకోకూడదు కదరా.”