హారతి పట్టని సరుకు

నరసాపురంలో మా వలల కొట్టును మా ఆయన నా పేరు మీద ఎందుకు పెట్టారన్న అనుమానం కొన్నేళ్లుగా నాలో ఉంది. మొన్న ఇరవయ్యో తారీఖు సాయంత్రం ఆయన ల్యాప్‌టాప్ ముందు కూర్చుని పిలిచారు.

"నీ ఫోన్‌కి ఓటీపీ వచ్చుంటుంది, చెప్పు. జీఎస్టీ రిటర్నుకి ఇవాళే ఆఖరు."

"చెబుతానండి. ఈ వలల దారం బిల్లులేంటండీ? ఇంత సరుకు ఎప్పుడు దిగింది?"

"దిగింది లేవే."

"కొత్త సరుకు దిగితే హారతి పట్టేది నేనే కదండీ. నెలన్నరగా కొట్లో కర్పూరమే వెలిగించలేదు."

"అబ్బో, ఇన్‌స్పెక్టరమ్మ గారు! సరుకు రాలేదు, బిల్లులే కొన్నాను. కొనేటప్పుడే పన్ను కట్టేసినట్టు చూపిస్తే, మనం కట్టాల్సినదాంట్లో అంత తగ్గిస్తారు."

"కట్టని పన్ను కట్టామని చెబుతామా? దేవుడు మెచ్చుతాడా అండీ?"

"దేవుడికి జీఎస్టీ లేదు."

"పట్టుకుంటే?"

"నోటీసు వస్తుంది."

"ఎవరికండీ?"



"రిజిస్ట్రేషన్ నీ పేరు మీదే ఉంది కదా. నీ పేరైతే కలిసొస్తుందని మా అమ్మే అంది."

"నా గాజులు అమ్మేయండి. ఆ బిల్లులు తీసేసి, పన్ను మొత్తం కట్టేద్దాం."

"గాజులు ఈ నెలకే సరిపోతాయి."

"అంటే?"

"రెండేళ్లుగా ఇదే పని. వచ్చిన సరుకు గోరంత, చూపించిన బిల్లులు కొండంత."

"మరి ఆ నెలల్లో ఓటీపీలు ఎవరు చెప్పారండీ?"

"నువ్వే. పూజలో ఉండగా అడిగినా, జపం ఆపి మరీ చెప్పేదానివి."