వియ్యపురాళ్ల హాలోవీన్

ఒహాయోలోని ఒక చిన్న ఊరి కొట్టులో, హాలోవీన్ బొమ్మల దగ్గర వియ్యపురాళ్లిద్దరూ ఎదురుపడ్డారు. పిల్లలు విడాకులు తీసుకున్నాక కలవడం ఇదే మొదలు. అబ్బాయి తల్లి చేతిలో రబ్బరు సాలీడుంది.

"ఓరిన్‌కా వదినగారూ? భలే ఎంచారు. మన మనవడు సాలీణ్ణి చూస్తే గుక్కపెట్టి ఏడుస్తాడు," అంది అమ్మాయి తల్లి.

"ఏడాదిగా చూడనిస్తేగా నాకు తెలిసేది! మీరు మిఠాయిలకు బదులు పళ్ల బ్రష్షులు కొన్నారే. పండగపూట మనవలకెంత సరదానో!"

"పళ్లు పుచ్చితే డాక్టరు చుట్టూ తిరిగేది నేనేగా."

"తిరగండి. ఆ భాగ్యమూ మీదే."

అమ్మాయి తల్లి బ్రష్షులను బుట్టలో అడుక్కి నెట్టింది.

"పండగ సాయంత్రం మా గుమ్మంలో, వేషాలేసుకొచ్చే పిల్లలకు మిఠాయిలు పంచాలి. దయ్యం ముసుగేసుకుని రండి. మా అమ్మాయి గుర్తుపట్టదు."

అబ్బాయి తల్లి సాలీణ్ణి తిరిగి అరలో పెట్టేసింది.

"మనవలు గుర్తుపడతారంటారా?"

"పట్టక! రోజూ మీ గురించే అడిగి నా ప్రాణం తోడేస్తున్నారు."